పాత బాయి ముందు బిందెల వరుస

వకుళ తయారుచేసిన యంత్రాన్ని మేము విప్పి లారీకెక్కించాల్సిన రోజునే బాయిలో గాలి చెడింది.

మా నెమలివాగు కాలనీలో బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. పని నడిచే బాయి ఊరికి ఉత్తరాన ఉంది. బొగ్గు అయిపోయిన పాత బాయి దక్షిణాన, మిట్ట నడుమన ఉంది. రెంటినీ లోపల ఒక పొడవాటి సొరంగం కలుపుతుంది. ఒక దారి మూసుకుపోతే రెండో దారిన మనుషులు బయటపడాలని అలా ఉంచారు. ఆ పాత బాయి మూతి పక్కనే రేకుల షెడ్డు వేసుకుని, బాయినే నిటారు గొట్టంగా వాడుకుంటూ నా భార్య వకుళ తన ప్రయోగం చేసింది. ఆమె పోయి ఏడాది దాటింది. ప్రయోగం ఆపేశారు. సామాను విప్పి హైదరాబాదు పంపమని ఆమె పనిచేసిన సంస్థ నుంచి ఉత్తరం వస్తే, ఆమె దగ్గర పరిశోధన చేసిన జబీన్ ఆ పని మీద వచ్చింది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ షెడ్డులో మాత్రం నా ఉద్యోగం ఎప్పుడూ స్పానర్లు అందించడమే.

జబీన్ మొదటి బోల్టు మీద స్పానర్ పెట్టి, తిప్పకుండా కాసేపు ఊరుకుంది. గట్టిగా బిగుసుకుపోయింది సార్, అంది. నేను చూశాను. వదులుగానే ఉంది. చాయ్ తాగి మొదలుపెడదామన్నాను. ఇద్దరం బయటికొచ్చి రాతి మీద కూర్చున్నాం. ఆ చాయ్ పుణ్యమా అని యంత్రం ఆ పూట యంత్రంగానే మిగిలింది.

గ్లాసులు ఖాళీ కాకముందే సైరన్ మోగింది. షిఫ్టు మారే సైరన్ కాదు, ఆగకుండా మోగేది. కింద కాలనీలో అది నల్లా వచ్చే వేళ. ఆడవాళ్ళు నల్లా దగ్గర పట్టుకున్న బిందెలు పట్టుకున్నట్టే చంకన పెట్టుకుని, పిల్లల్ని ముందుకు తోసుకుంటూ మిట్టెక్కారు. పైన పాత ఆఫీసు తాలూకు మొండిగోడ ఒకటి ఉంది, మందపాటి రాతిగోడ. దాని వెనక గుమిగూడారు. ప్రాణం మీదికొచ్చినా నిండు బిందెను ఒక్కరూ ఒలకబోయలేదు.

విషయం కొంచెం కొంచెంగా తెలిసింది. పని నడిచే బాయిలో ఒకచోట గోడ కూలింది. దాని అవతల ఎన్నేళ్ళుగానో మూసివున్న తవ్వకాల్లో పేరుకున్న చెడుగాలి వరదలా లోపలికొచ్చింది. అది మామూలు గాలికంటే బరువు. వాసన ఉండదు. దీపం ఆరిపోతుంది, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోతాడు. షిఫ్టులో చాలామంది పై దారిన బయటపడ్డారు. ఆ తర్వాత పైకప్పు విరిగిపడి ఆ దారి మూసుకుపోయింది. జట్టును నడిపే సర్దార్ ఓదెలు, అతని కింది నలుగురు ఇవతలే చిక్కుకున్నారు. సొరంగంలో పంపు గది ఒకటుంది, అందులోకి గాలిగొట్టం వస్తుంది. ఆ గొట్టం మీద వాళ్ళు కొడుతున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. కానీ పంపు గదికీ పాత బాయికీ మధ్య సొరంగమంతా చెడుగాలే. పాత బాయిలోనూ అదే నిండుతోంది. రెస్క్యూ వాళ్ళ వీపు మీది ఆక్సిజన్ ఆ దూరం పోయిరావడానికి చాలదు.

కంపెనీ మేనేజరు చక్రపాణిగారు చెడ్డవాడు కాదు. ఆ ఉదయం ఆయన చూపు కాలనీ మీద ఉంది. పాత బాయిలో చెడుగాలి మట్టం గంటగంటకూ పెరుగుతోంది. సాయంత్రానికి మూతి దాటి పొంగితే పల్లంలో ఉన్న కాలనీ మీదికే దొర్లుతుంది. గాలిగొట్టం మీద చప్పుడు కూడా ఆగిపోయిందని కబురొచ్చింది. ఇక ఆయన లెక్కలో లోపల మనుషులు లేరు, బయట ఉన్నారు. పాత బాయి మూతికి కాంక్రీటు పోయమని ఉత్తర్వు ఇచ్చి, ఆ మాట గోడ దగ్గరికొచ్చి తానే చెప్పాడు. చెప్పేటప్పుడు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఓదెలు భార్య సారక్క మా ఎదురింటామె. ఆమె ఏడవలేదు. బిందె కింద పెట్టి మేనేజరుకేసి చూసి, చప్పుడు ఆగితే మనిషి పోయినట్టేనా అని అడిగింది. మా ఆయన అలసిపోతె గురక గూడ పెట్టడు సార్, అంది. ఆయన హెల్మెట్ తలకు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జబీన్ నా ముఖం చూసింది. నేను షెడ్డు వైపు చూశాను.

వకుళది ఖగోళశాస్త్రం. మా వంటింట్లో క్యాలెండర్ పక్కన ఒక గెలాక్సీ ఫొటో ఉండేది, పక్కనుంచి తీసింది. సన్నటి అట్టులా ఉంటుంది. దాని పైనా కిందా ఎర్రటి పొగలు. కరివేపాకు కోసం వచ్చిన సారక్క ఓసారి దాన్ని చూసి, అట్టు మాడుతోంది మేడం, తిప్పెయ్యరాదు, అంది. వకుళ పొయ్యి మీది గిన్నె దించి మరీ చెప్పింది. ఆ పొగ గెలాక్సీ వదిలి పోతున్న గాలి. నక్షత్రాలు పేలి చచ్చిపోయినప్పుడు ఆ వేడికి గాలి పైకి ఎగురుతుంది. అయితే వేడి చల్లారిపోతుంది, గాలి తిరిగి పడిపోతుంది. మరి అంత దూరం ఎలా పోతోంది? పేలిన నక్షత్రం వేడినే కాదు, మహావేగంగా పోయే కణాల్ని కూడా వదులుతుంది. వాటినే కాస్మిక్ కిరణాలంటారు. అవి అంత తొందరగా చల్లారవు. గెలాక్సీలో దారాల్లా పరుచుకున్న అయస్కాంత పోగుల్ని పట్టుకుని పోతూ, ఆ పోగుల్ని మీటుతూ ఉంటాయి. మీటినకొద్దీ పోగులు గాలిని మెల్లగా, ఆగకుండా నెడతాయి.

"పైకి ఎగరేసిన పిల్లవాడు మళ్ళీ చేతుల్లోకే పడతాడు సారక్కా. చేయి పట్టుకుని మెట్లెక్కించినవాడు మేడ మీదికి చేరతాడు" అంది వకుళ. ఒక్కొక్క కణం బలం ఈగ వాలినంత కూడా ఉండదని, అయినా అవి మానవని అంది. సారక్క కరివేపాకు తీసుకుని, గంత చిన్నయి గంత పెద్ద పని జేస్తయా, అని నవ్వుతూ పోయింది.

ఆ మెట్లెక్కించడాన్ని నేలమీద చేసి చూపాలన్నది వకుళ పట్టుదల. మామూలు గాలికి అయస్కాంత పోగులంటే లెక్కలేదు, జారిపోతుంది. దానికి పట్టు దొరికేలా చేసే తీగచుట్టను ఆమె కనిపెట్టింది. పట్టుచుట్ట అని పేరు పెట్టింది. పాత బాయి పొడవునా పట్టుచుట్టలు వేలాడదీసి, అడుగున కణాలు పుట్టించే యంత్రం ఉంచింది. మొదటి పరీక్ష రోజున అడుగున ఒక బొక్కెనలో సాంబ్రాణి పొగ వేశాం. ముందు బ్లోయరుతో ఊదితే పొగ సగం దాకా ఎగిరి తిరిగి కూలబడింది. తర్వాత కిరణాలు వదిలాం. పొగ మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లెక్కినట్టు ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. మూతి దాటి, దాని మీది ఇనుప గోపురమైన హెడ్‌గేరు చక్రాలు దాటి ఆకాశంలోకి పోయింది. చూడడానికి వచ్చిన ఓదెలు హెల్మెట్ తీసి దండం పెట్టాడు. నాకెందుకు ఓదెలూ, చచ్చిపోయిన నక్షత్రాలకు పెట్టు, అంది వకుళ.

ఒక్క చిక్కు. బాయి మూతి మీదుగా పైకి పోయే కణాల ప్రవాహం సన్నటి నీలి దారంలా కనిపిస్తుంది. అది నిటారుగా ఉంటేనే గాలి ఎక్కుతుంది. వాలితే ఎవరో ఒకరు పక్కనే కూర్చుని రెండు చక్రాలు తిప్పి సరిచేస్తుండాలి. కంప్యూటరుకు అప్పగిస్తే ఆ కణాలు తగిలి దాని లోపలి అంకెలు తారుమారవుతాయి. దూరంనుంచి కడ్డీలతో, అద్దాలతో తిప్పే ఏర్పాటుకు వకుళ బొమ్మ గీసి పంపింది. మంజూరు కాలేదు. జబీన్ పెళ్ళికావలసిన పిల్ల కాబట్టి ఆమెను దగ్గరికి రానివ్వలేదు. నేను కాలేజీకి పోయే వేళ చూసి తానే కూర్చునేది.

ఒంటికి తగిలిన కిరణాల్ని పట్టి ఇచ్చే ఫిల్ము బ్యాడ్జీ ఒకటి ఉండేది. అది నల్లబడితే పని ఆపిస్తారు. వకుళ దాన్ని పోపులపెట్టెలో పెట్టి వెళ్ళేది. ఆమె పోయాక పోపు వేయబోయి చూశాను. మెంతుల అరలో, తెల్లగా, మెంతుల వాసనతో. సంస్థ వాళ్ళు ఆ బ్యాడ్జీల లెక్క చూసి ఒక కాగితం రాశారు. ఆమెకు కిరణాలు తగిలిన దాఖలా లేదు కాబట్టి రక్తపు జబ్బుకూ పనికీ సంబంధం లేదన్నారు. అదే కాగితంలో కింది పేరాలో, ఈ యంత్రం ప్రాణాంతకం కాబట్టి మూసివేయాలన్నారు.

షెడ్డులో జబీన్ గోడ మీద సుద్దముక్కతో లెక్క వేసింది. బాయి, సొరంగం ఖాళీ కావాలంటే యంత్రం సాయంత్రం దాకా ఆగకుండా నడవాలి. ఇక్కడ గాలిని ఎత్తితే, అటు కూలిన రాళ్ళ సందుల్లోంచి మంచిగాలి లోపలికి జరుగుతుంది. అంతసేపూ ఒక్కరే చక్రాల దగ్గర కూర్చుంటే ఆ మనిషి బతకడు. ఆ ముక్క చెప్పేటప్పుడు సుద్ద విరిగింది.

నేను కూర్చుంటానన్నాను. నా వయసు చెప్పాను. వెనక ఎవరూ లేరని కూడా చెప్పబోయాను. తలుపు దగ్గర సారక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"మేడం గూడ గిట్లనే ఒక్కతే కూసున్నది" అంది. "ఏమైంది? మమ్ముల అడిగితె మేం రాకపోదుమా?"

ఆమె గోడ మీది లెక్క చూసి, గదేందో నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా, అని జబీన్‌ను అడిగింది. జబీన్ చెప్పింది. ఒక్కరు కూర్చుంటే చావు. నలుగురు పంచుకుంటే జబ్బు. కాలనీ అంతా పంచుకుంటే ఒక్కొక్కరికి పెద్దాసుపత్రిలో స్కానింగు తీయించుకున్నంత. అయినా లెక్క సున్నా కాదని జబీన్ దాచకుండా చెప్పింది. ఎప్పుడో ఏళ్ళ తర్వాత ఆ కూర్చున్నవాళ్ళలో ఒకరికి దీనివల్ల జబ్బు రావచ్చు. ఎవరికో ఎవరూ చెప్పలేరు.

"బాయిల దిగేటప్పుడు గూడ గంతే గద" అంది సారక్క. "ఎవలో ఒకలు రారని ఎరికుండే దిగుతరు."

ఆమె పోయి గోడ వెనక ఏం చెప్పిందో నేను వినలేదు. కాసేపటికి తిరిగొచ్చి షెడ్డు గడప ముందు తన బిందె దించింది. దాని వెనక ఇంకొకటి దిగింది. ఆ వెనక మరొకటి. మా కాలనీలో నల్లా దగ్గర ఎండలో ఎవరూ నిలబడరు, బిందె నిలబడుతుంది. మనిషి నీడన కూర్చుంటుంది. బిందె లేకపోతే బకెట్టు, అదీ లేకపోతే చెప్పు. దానికి ఒకటే చట్టం. ఎవరి బిందె వాళ్ళే జరపాలి. ఇంకొకరి బిందె ముట్టుకున్న మనిషితో ఏళ్ళ తరబడి మాట్లాడనివాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఆ పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోయింది. మనుషులు రాతిగోడ వెనకే ఉండాలి, కిరణాలు అక్కడికి చేరవు. వంతు మాత్రం వరుసలో ఉండాలి. జబీన్ గోడ దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగి పంపింది. కడుపుతో ఉన్నవాళ్ళను, పెళ్ళికానివాళ్ళను, పాలిచ్చే తల్లులను వరుసలోకి రానివ్వలేదు. లచ్చవ్వ అనే ముసలామె తననీ అడగమంది. అడిగితే, "చూద్దాం బిడ్డా, ఈ నెల ఇంకా తెల్వదు" అంది. అంత బెంగలోనూ గోడ వెనక నవ్వులు లేచాయి. ఆ లచ్చవ్వ కొడుకు రాజం ఓదెలు జట్టులోనే ఉన్నాడు.

కంపెనీ ఆసుపత్రి పళ్ళ డాక్టరుకు కబురు పెడితే పంటి ఎక్స్‌రే ఫిల్ముల డబ్బాలు పంపాడు. కాలం తీరిపోయినవే, కానీ పనిచేస్తాయి. ఒక్కొక్కటి అగ్గిపెట్టెంత కాగితపు పొట్లం. ప్రతి మనిషికీ ఒకటి పిన్నీసుతో గుచ్చాం, పేరు రాసి. ఎవరూ ఇంట్లో పెట్టి రాకుండా నేనే దగ్గరుండి చూశాను.

యంత్రం మొదలైంది. మొదటి వంతు సారక్కది. నీలి దారం మూతి మీదుగా లేచి నిలబడింది. అది ఎడమకు వాలితే ఏ చక్రం, కుడికి వాలితే ఏ చక్రం అని నేను చెప్పబోతుంటే ఆమె రెండు తిప్పులు తిప్పి చూసి, "చేదబాయిల బొక్కెన గోడకు తాకకుంట గుంజుడే గద సారూ, మీరు పొండ్రి" అంది. నేను గోడ వెనక్కి వచ్చాను. చాయ్ మరిగేంత సేపు అయ్యాక జబీన్ గరిటెతో పళ్ళెం మీద కొట్టింది. సారక్క లేచి తన బిందె తీసుకుని వచ్చింది. తర్వాతి బిందె గడపకు జరిగింది. దాని మనిషి లోపలికి పోయింది.

అలా సాగింది. షిఫ్టు దిగొచ్చిన మగవాళ్ళు కూడా వచ్చారు. బిందెలు లేక హెల్మెట్లు పెట్టారు. నల్లా దగ్గర ముఖాలు చూసుకోనివాళ్ళు ఇక్కడ ఒకరి వెనక ఒకరు పడ్డారు. వరుస మధ్యలో ఒక స్టీలు బిందె, దాని వెనకే ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె కనిపించాయి. రెండూ సారక్కవే. నల్లా దగ్గర రెండు పెడుతుందని ఆమెకు పాత పేరుంది.

"నీ రెండు బిందెల బుద్ధి సచ్చినా పోదు" అంది లచ్చవ్వ.

"నల్లా కాడ పెడితె తిడుతరు, ఇక్కడ పెడితె తిడుతరు. మరి యాడ పెట్టాలె?"

జబీన్ ఒక్కటే వంతని గట్టిగా చెప్పింది. అయినా ఎవరూ పోయి ఆ బిందెలు తీసేయలేదు. అందరూ ఊరికే సారక్కకేసి చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆమే గొణుక్కుంటూ పోయి రెండూ తెచ్చుకుంది.

నా వంతు మధ్యాహ్నం వచ్చింది. వకుళ కూర్చున్న స్టూలు అది. చక్రం పిడి మీద గుడ్డ చుట్టి ఉంది, ఆమె పాత చీర అంచు. చేయి నొప్పి పుట్టకుండా చుట్టుకుంది. ఇన్ని చేతులు మారినా ఊడలేదు. నీలి దారం గాలిలో వణుకుతూ నిలబడి ఉంది. కింద బరువైన గాలి, పైన ఆకాశం. దారం వాలినప్పుడల్లా పిడి నా అరచేతిలో మెత్తగా తిరిగింది. ఇంత పని ఒక్కతే చేసిందని నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆమె బతికుండగా ఎన్నడూ రాని కోపం. పళ్ళెం మోగింది. నా వెనక బిందె దించిన చప్పుడైంది. లేచాను.

ఓదెలు ఎప్పుడో వకుళకు ఇచ్చిన పాత ఇత్తడి దీపం ఒకటుంది, బాయిలో గాలి చూడడానికి సర్దార్లు పట్టుకుపోయేది. వంతు మారేటప్పుడు యంత్రాన్ని క్షణం ఆపి, తాడు కట్టి దాన్ని మాటిమాటికీ బాయిలోకి దించాం. పొద్దున మూతికి కాస్త కిందనే ఆరిపోయిన దీపం మధ్యాహ్నానికి సగం లోతు దాకా వెలుగుతూ పోయింది.

అప్పుడే కాంక్రీటు లారీ వచ్చింది. డ్రమ్ము తిరుగుతోంది. దాని వెనక జీపులో మేనేజరు. బాయి మూతికి పోవాలంటే షెడ్డు ముందునుంచే దారి, ఆ దారి నిండా బిందెలు. డ్రైవరు లారీ ఆపాడు. మా కాలనీవాడే. మేనేజరు దిగి ఎవరి అనుమతితో ఇదంతా అని నన్ను అడిగాడు. అనుమతి లేదన్నాను. చెడుగాలిని పైకి తోలితే కాలనీ మీద పడుతుందన్నాడు. హెడ్‌గేరు పైకి చూడమన్నాను. చక్రాల మీదుగా గాలి ఎండమావిలా కదులుతూ నిటారుగా పోతోంది, కింద గడ్డిపోచ కూడా వాలలేదు. ఆయన చూశాడు. చూసి కూడా, ఉత్తర్వు ఉత్తర్వే అని, బిందెలు తీయమని సెక్యూరిటీ వాళ్ళకు చెప్పాడు.

ఇద్దరు గార్డులు బిందెల దాకా వచ్చి ఆగారు. పెద్దవాడు టోపీ సర్దుకున్నాడు.

"ఇంకొకల బిందె ముడితె మా ఇంట్ల అన్నం పెట్టరు సార్. ఎవలది వాళ్ళే జరపాలె."

మేనేజరు డ్రైవరుకేసి చూశాడు. డ్రైవరు స్టీరింగు మీద చేతులు ఉంచి ఎటో చూస్తున్నాడు. సారక్క దీపం తెచ్చి ఆయన చేతికిచ్చింది. "దించి చూసుకోండ్రి. ఆరిపోతె మా బిందెలు మేమే తీస్తం."

జబీన్ యంత్రం ఆపించాక ఆయన తానే దించాడు. తాడు చేతిలోంచి జారుతూనే ఉంది. దీపం చిన్న చుక్కయి, అయినా వెలుగుతూ, తాడు చివరిదాకా పోయింది. చాలాసేపు తొంగి చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా పైకి లాగి, డ్రైవరుతో, డ్రమ్ము తిప్పుతూనే ఉండు, గడ్డకట్టనివ్వకు, అన్నాడు. పొయ్యమని అనలేదు. రెస్క్యూ జట్టును పిలవమని జీపు పంపాడు.

తీగచుట్టలు దించే ఇనుప తొట్టిలో రెస్క్యూ వాళ్ళు దిగారు. యంత్రం ఆపితే సొరంగంలో గాలి మళ్ళీ కూలబడుతుంది కాబట్టి వంతులు ఆగలేదు. తొట్టి దిగే, పైకొచ్చే ప్రతిసారీ ఆ కాసేపు మాత్రం ఆపి, మళ్ళీ నడిపాం.

తొట్టిలో మొదట వచ్చింది రాజం. అతనికి ఊపిరి లేదు. గోడ కూలినప్పుడే, పంపు గదికి చేరకముందే పోయాడట. మిగతావాళ్ళు అతన్ని వదిలిపెట్టకుండా గదిలోకి మోసుకొచ్చారు. లచ్చవ్వ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని ముఖం మీది బొగ్గుపొడి కొంగుతో తుడిచింది. గోడ వెనక ఏడుపులు లేచాయి. జబీన్ చేతిలో గరిటె కిందికి వాలిపోయింది. అప్పుడు గడప ముందున్న బిందె లచ్చవ్వదే. ఆమె బిందె తీసి వరుస జరుపుదామన్నా తీసే హక్కు ఎవరికీ లేదు. లచ్చవ్వ తలెత్తి ఆ బిందెను చూసింది. కొడుకు తలను పక్కామె ఒళ్ళోకి మార్చి లేచింది.

"లోపల ఇంక నలుగురున్నరు" అంది.

ఆమె వంతు ఆమె కూర్చుంది. దారం ఒక్కసారి కూడా వాలలేదు.

తర్వాత ఒక్కొక్కరుగా ముగ్గురు వచ్చారు, పడిపోతూ, దగ్గుతూ, బతికి. అందరికంటే చివర సర్దార్ ఓదెలు వచ్చాడు. బాయిలో అదే పద్ధతి. జట్టు పైకి చేరాకే సర్దార్. చేతులు పైకి లేవక గొట్టం మీద కొట్టడం ఆపామని, గాలి మెల్లగా తిరగడం చెంపకు తెలిసిందని తర్వాత చెప్పాడు. తొట్టిలోంచి దిగి సారక్క ముందు నిలబడ్డాడు. ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"టిఫిన్ డబ్బా ఏది?"

అతను లోపలే మరిచిపోయానన్నాడు. ఆమె అప్పుడు ఏడ్చింది.

నెల తిరక్కుండా సంస్థ నుంచి విచారణ సంఘం వచ్చింది. వెంట ఖాళీ లారీ, యంత్రాన్ని తీసుకుపోవడానికి. పాత ఆఫీసు గోడ నీడలో బల్ల వేసుకుని కూర్చున్నారు. మూసివేసిన ప్రాణాంతక యంత్రాన్ని అనుమతి లేకుండా నడిపింది ఎవరని అధ్యక్షుడు నన్ను అడిగాడు. నేను పళ్ళ డాక్టరు కడిగిచ్చిన ఫిల్ములన్నీ బల్ల మీద పరిచాను. బల్ల నిండిపోయింది. అన్నీ తడిబూడిద రంగులో ఉన్నాయి. ఒక్కటి కూడా నల్లగా లేదు.

"వీళ్ళందరూ నడిపారు. నేరం ఏ ముక్కది ఎక్కువో మీరే చూసి చెప్పండి" అన్నాను.

తర్వాత జేబులోంచి వకుళ బ్యాడ్జీ తీసి వాటి నడుమ పెట్టాను. తెల్లగా ఉంది. ఇంకా మెంతుల వాసన పోలేదు. అది ఎక్కడ ఉండేదో చెప్పాను.

"ఆమెకు కిరణాలు తగలలేదని రాసింది మీరే. తగలకపోతే ఈ యంత్రం ఎవరి ప్రాణమూ తీయలేదు, మూయడానికి కారణం లేదు. తగిలితే ఆమె పనిలో పోయింది. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి. రెండూ చెప్పకండి."

నా గొంతు పెద్దది కాదు. క్లాసులో వెనక బెంచీకి వినపడేది కాదు. ఆ రోజు మాత్రం వినపడింది. కడ్డీలతో దూరంనుంచి తిప్పే ఏర్పాటు బొమ్మను జబీన్ వాళ్ళ ముందు పరిచి, ఇది ఉంటే ఇన్ని ఫిల్ములు ఉండేవి కావని చెప్పింది. ఎన్ని బాయిలున్నాయో, ఎన్నింట్లో ఇలాంటి గాలి పేరుకుని ఉందో చక్రపాణిగారు తనంత తానుగా లేచి చెప్పాడు. అధ్యక్షుడు అంతా విని, అవి వేరే విషయాలని, ముందు యంత్రాన్ని ఎక్కించమని లారీవాడికి సైగ చేశాడు.

లారీ షెడ్డు వైపు మళ్ళి ఆగిపోయింది. దారికి అడ్డంగా, గడపనుంచి మలుపు దాకా బిందెలు ఉన్నాయి. స్టీలువి, ప్లాస్టిక్‌వి, సొట్టలు పడ్డవి, మధ్యలో హెల్మెట్లు. సారక్కవి రెండు. ఈసారి ఆమెను ఎవరూ తిట్టలేదు. మనుషులు నీడన కూర్చుని ఉన్నారు. నా వెనక లచ్చవ్వ కూడా ఉంది.

లారీవాడు హైదరాబాదు మనిషి, దిగి బిందె తీయబోయాడు. ముసలి గార్డు అతని భుజం మీద చేయి వేసి, మెల్లగా, చట్టం చెప్పాడు. అధ్యక్షుడు లేచి వచ్చి ఆ వరుస పొడవునా నడిచాడు. గడప ముందు, అన్నింటికంటే ముందు ఒక చిన్న రాగిచెంబు ఉంది. పొద్దున నేనే పెట్టి వచ్చాను.

మిగతావి తర్వాత, ముందు ఈ చెంబు ఎవరిదో వాళ్ళను పిలవండి, వచ్చి తీసేయమనండి, అన్నాడు.

నా భార్యదని చెప్పాను. ఎవరిది వాళ్ళే జరపాలి, ఆమె వచ్చి జరిపేదాకా అది అక్కడే ఉంటుంది, అన్నాను.